మూడు బోల్టుల పని

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో గొడవ పళ్ళు తోముకునే బ్రష్షు దగ్గర మొదలైంది.

"నా బ్రష్షేదండీ?" అని అడిగింది టీచరమ్మ, స్నానాలగది గుమ్మంలో నిలబడి.

"పాతదనుకుని తీసుకున్నా," అని వాకిట్లోంచి జవాబిచ్చాడు ఆమె భర్త. "కారు పంపు తోమాలి కదా."

"పాతదా? మొన్న సోమవారం కొన్నాను. పాతది మీది. కుచ్చులన్నీ పిచ్చుక గూడులా విచ్చుకుపోయి ఉంటుందే, అది."

"నాది చూస్తే రోజూ వాడుతున్నట్టు తెలుస్తోంది. నీది ఎవరూ ముట్టుకోనట్టుంది. పనికిరాక పక్కన పెట్టావేమో అనుకున్నా."

"పొందిగ్గా వాడుకోవడం కూడా తప్పేనన్నమాట," అంది టీచరమ్మ. వేలితో పళ్ళు తోముకుంది.

వీధిలో అందరికీ ఆమె టీచరమ్మే. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పదకొండు మంది పిల్లలకు ఇంట్లో లెక్కలు చెబుతుంది. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చోటు, ఆ చోటులో ఒక వరుస ఉండాలి ఆమెకు. వంటింటి డబ్బాలు బడి ప్రార్థనలో పిల్లల్లా ఎత్తు ప్రకారం నిలబడి ఉంటాయి. అలాంటి మనిషికి దొరికిన తరగతి గది ఏమిటంటే, ముందుగది. అక్కడ మామగారి మంచం, మామగారి టీవీ, మామగారి దగ్గు. పిల్లలు కొందరు సోఫాలో, కొందరు నేలమీద, ఒకడు ఎప్పుడూ చెప్పుల స్టాండు పక్కన. ఆమె రెండు వైపులా ఎక్స్ తీసేసే సరికి టీవీలో ఎవరో ఎవరినో చంపేస్తారు. పిల్లలంతా అటు తిరుగుతారు.

ఇంటి పక్కన షెడ్డు ఉంది. దానికి కిటికీ ఉంది, లైటు ఉంది, నున్నటి నేల ఉంది. లోపల మామగారు పాతికేళ్ళ కిందట కొన్న డీజిలు కారు కూడా ఉంది. కారు అమ్మేసి షెడ్డు క్లాసుకి ఇవ్వడానికి భర్తను ఒప్పించే సరికి ఆరు నెలలు పట్టింది. మామగారిని అడిగితే ఒక్క రోజులో "నీ ఇష్టం అమ్మా" అన్నారు. ఆ మాట అన్నాక రెండు పూటలు కారు తుడుస్తూ కనిపించారు. ఒకటో తేదీ నుంచి క్లాసు కొత్త గదిలోనని పిల్లల తల్లిదండ్రులకు ఆమె చెప్పేసింది కూడా. ఒకటో తేదీకి ఇంకా తొమ్మిది రోజులు. కారు చూసుకోవడానికి డ్రైవింగ్ స్కూలాయన ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి వస్తున్నాడు.

చిక్కల్లా ఒకటే. కారు బ్రేకు రాయిలా బిగుసుకుపోయింది. శుక్రవారం మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "వాక్యూమ్ పంపు సార్," అన్నాడు. ఇంజనును అంటిపెట్టుకుని ఉండే అరచేతంత ఇనుప డబ్బా అది. గొట్టాల్లోంచి గాలిని పీలుస్తుంటుంది. ఆ పీల్చుడే బ్రేకు తొక్కే కాలికి సాయం. లోపల రబ్బరు రింగు అరిగిపోయి, ఇప్పుడా సాయం ఆగిపోయింది. "సోమవారం తీసుకురండి. సగం రోజు పని."

"సగం రోజట!" అని ఇంటికొచ్చి నవ్వాడు భర్త. "మూడు బోల్టులోయ్. వీడియో చూశాను. తొమ్మిది నిమిషాల్లో పంపు ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు."

"సోమవారం మెకానిక్కి ఇచ్చేసి, డ్రైవింగ్ స్కూలాయన్ని మంగళవారం రమ్మంటే పోలా?"

"మూడు బోల్టులకి మూడు రోజులా?"

ఆయన బీమా ఆఫీసులో పని చేస్తాడు. ఇతరులకు జరిగిన ప్రమాదాల గురించి ఆయనకు తెలియనిది లేదు.

పనిముట్ల పెట్టె షెడ్డులో వెనక మూలన ఉంది. దాని ముందు విరిగిన కుర్చీలు, కుర్చీల ముందు విప్పి పెట్టిన మంచం, మంచం ముందు తిరగని ఫ్యాను, అన్నిటి ముందూ కారు. ముందు కారును వాకిట్లోకి తోశారు. తోసింది టీచరమ్మ. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది భర్త. "కొంచెం ఎడమకి" అన్నది మామగారు. తరువాత సామాను ఒక్కొక్కటే బయటికొచ్చింది. పరుపులు, అట్టపెట్టెలు, రంగు డబ్బాలు, చక్రం లేని సైకిలు, సైకిలు లేని చక్రం. పెట్టె చేతికందేసరికి తొమ్మిదయింది. వీడియోలో అతను ఈ పాటికి పంపు బిగించేసి టీ కూడా తాగేసి ఉంటాడు.

పదింటికి పిల్లలొస్తారు. ఈ వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు. టీచరమ్మ తల్లిదండ్రులందరికీ కలిపి ఫోన్లో ఒక సందేశం పంపింది: "ఈ రోజు క్లాసు లేదు. సామానంతా బయట ఉంది." ఆమె ఎప్పుడూ ఉన్నదున్నట్టే రాస్తుంది. రెండు వాక్యాల్లోనూ అక్షరం అబద్ధం లేదు.

ఎదురింటి పిన్నిగారు గేటు దాకా వచ్చారు. ఆవిడ మనవడు కూడా ఆ పదకొండు మందిలో ఒకడు.

"సామాను తీస్తున్నారే! కారు కూడా అమ్మేస్తున్నారటగా?"

"అవును పిన్నిగారూ."

"ఎప్పుడూ?"

"ఈ రోజే. మూడింటికి వస్తారు."

"అయ్యో, ఇంత తొందరగానా! మాట మాత్రం అన్నావు కాదే," అని పిన్నిగారు ఆమె వంక జాలిగా చూసి, గబగబా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. కారు అమ్మితే జాలి ఎందుకో టీచరమ్మకు అర్థం కాలేదు. అర్థం చేసుకునేంత తీరికా లేదు. కారు దగ్గర్నించి భర్త గరిటె అడుగుతున్నాడు.

"గరిటె దేనికి?"

"మూడు బోల్టులూ వచ్చేశాయి. పంపే రావట్లేదు. పాతికేళ్ళ జిడ్డు కదా, పట్టేసింది. సందులో ఏదన్నా పెట్టి లేపాలి."

ఆయన అప్పటికే బంపరు మీద కాలు తన్నిపెట్టి, రెండు చేతులా పంపును పట్టుకుని, పన్ను పీకేవాడిలా వెనక్కి వాలి ఉన్నాడు. మామగారు కుర్చీ వేసుకుని చూస్తున్నారు. ఆయన జీవితమంతా భూములు కొలిచిన సర్వేయరు. ఏదీ దగ్గరకెళ్ళి ముట్టుకోరు, దూరం నుంచే చెబుతారు.

"అది రానంటోందిరా," అన్నారు.

"వస్తుంది నాన్నా. వీడియోలో వచ్చింది."

"ఆ కారు వేరు, ఈ కారు వేరు అయి ఉంటుంది."

"పంపు పంపే కదా నాన్నా!"

ఇనప గరిటె ఒకటి వంగింది. రెండోది ఇవ్వనని టీచరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిలబడినచోట గట్టు మీద కొత్త గ్యాస్కెట్ కనిపించింది. పంపుకీ ఇంజనుకీ మధ్య నూనె కారకుండా వేసే, అట్టముక్కలా ఉండే పలక అది. దుకాణంలో ఇచ్చిన కవరు ఇంకా విప్పలేదు. ఆమె దాన్ని తీసి వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏవండీ, మూడు బోల్టులన్నారు కదూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి? మూడే."

"మరి దీనికి నాలుగు చిల్లులున్నాయేం?"

మామగారు దగ్గారు. ఆ దగ్గు నవ్వులా కూడా ఉంది.

నాలుగో బోల్టు పంపు కింద, చేయి మాత్రమే పట్టే చీకటి సందులో ఉంది. కళ్ళకు కనిపించదు, వేలికి తగులుతుంది. అది విప్పడానికి గంటన్నర పట్టింది, మోచేతి తోలు కొంత పోయింది. చివరికి అది వచ్చిన మరుక్షణం పంపు దానంతటదే ఊడి ఆయన ఒళ్ళో పడింది. వెనకే నల్లటి ఇంజనాయిలు నింపాదిగా జారి, ఆమె పొద్దున్నే కడిగిన గచ్చు మీద పరుచుకుంది.

"కింద ఏదన్నా గిన్నె పెట్టొచ్చు కదండీ!"

"వీడియోలో పెట్టలేదు."

అక్కడి నుంచి పంపు భోజనాల బల్ల మీదికి చేరింది. ఇంట్లో అదొక్కటే వెలుతురు బాగా పడే చోటని ఆయన వాదన. పేపరు పరిచి, పంపు విప్పి, పాత రింగు తీసి కొత్తది వేశాడు. ఆ పని మాత్రం ఆయన శ్రద్ధగానే చేశాడు. ఊడదీసినవన్నీ ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటు ప్రకారం పేపరు మీద సర్దాడు. పైవి పైన, కిందవి కింద. ఆ తరువాత, జిడ్డు వదిలించే సబ్బు కావాలని వీధి చివర దుకాణానికి వెళ్ళాడు. దాంతోపాటు ఇంజనాయిలు డబ్బా కూడా తేవాలి.

టీచరమ్మ లోపలికొచ్చి చూసింది. ఒంటిగంట దాటింది. మామగారు వేళకి తినాలి. బల్ల నిండా ఇనుము. పేపరు తడిసి నూనె చెక్కలోకి దిగుతోంది. ఒక పొడుగు బోల్టు ఇక్కడ, పొట్టిది అక్కడ, మళ్ళీ పొడుగుది ఇంకెక్కడో. ఇదేం సర్దుడో, మగవాళ్ళ చేతికి ఏదిచ్చినా ఇంతే అనుకుంది. అన్నీ ఒక బకెట్లో వేసి, సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, స్టీలు పళ్ళెంలో చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పేర్చింది. రెండు కొసలూ కొంచెం పగిలిన, వేలెడంత వంకర రబ్బరు ముక్క ఒకటి మిగిలింది. నూనెలో చచ్చిపడిన జెర్రిలా ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో వేసి, చెత్తబుట్ట తీసుకెళ్ళి గేటు బయటి తొట్టిలో గుమ్మరించింది.

భర్త వచ్చి పళ్ళెం వంక చూసి, సబ్బు కింద పడేశాడు.

"ఇక్కడ వరసగా పెట్టాను కదా!"

"ఇప్పుడూ వరసగానే ఉన్నాయి."

"ఏ వరస?"

"చిన్నదాని నుంచి పెద్దదాకా."

"అదేం వరస టీచరమ్మా! ఏ బోల్టు ఏ చిల్లులోదో ఇప్పుడెలా తెలుస్తుంది?" కోపం వచ్చినప్పుడు ఆయన కూడా ఆమెను టీచరమ్మా అనే అంటాడు.

మూడింటికి మనిషి వస్తాడు. పంపు లేని కారును ఎవరూ కొనరు. కారు కదలకపోతే ఒకటో తేదీకి చెప్పుల స్టాండు పక్కన కూర్చునే పిల్లాడు అక్కడే కూర్చుంటాడు. ఆమె చీర కొంగు బిగించి, చీపుర్లోంచి ఒక పుల్ల లాగి, వాకిట్లోకి నడిచింది. ఇంజను మీది ఒక్కో చిల్లులో పుల్ల పెట్టి, ఎంత లోతు దిగిందో గోటితో నొక్కి గుర్తుపెట్టి, బోల్టు పక్కన ఆనించి చూసింది. పొడుగువి రెండు ఇటు, పొట్టివి రెండు అటు. పది నిమిషాల్లో తేలిపోయింది. భర్త ఆ లెక్క ప్రకారమే బోల్టులు అందుకున్నాడు. ఆయన అలా అందుకోవడం కూడా ఒక రకమైన మెచ్చుకోలే.

రెండున్నరకి పంపు దాని చోటులో కూర్చుంది. లావు గొట్టం తగిలించాక, పక్కన ఒక సన్న గొట్టం ఏ ఆధారమూ లేకుండా ఊగుతూ కనిపించింది.

"ఇదెక్కడిది?" అంది టీచరమ్మ.

ఆయన ఫోన్లో వీడియో వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి చూశాడు. "వీడియోలో లేదు. మన బండికి అదనంగా ఇచ్చి ఉంటారు." ఆ గొట్టాన్ని కనపడకుండా వెనక్కి దోపి బానెట్ మూశాడు.

రెండూ నలభై అయిదుకి కారు స్టార్టయింది. ఒక్క తిప్పుకే. ఆ ఇంజను చప్పుడు విని మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. భర్త మొహంలో ఉదయం నుంచి మొదటిసారి వెలుగు కనిపించింది. "చూశావా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. డ్రైవింగ్ స్కూలాయన కాదు. ముందు లాయరమ్మ, ఆవిడ వెనక ఇంకో ఆరుగురు తల్లులు, ఒక తండ్రి. అందరి వెనకా ఎదురింటి పిన్నిగారు, కళ్ళు ఒత్తుకుంటూ.

లాయరమ్మ కొడుకు పదో తరగతి. ఆవిడ వాకిట్లోని పరుపుల్నీ, మంచాన్నీ, అట్టపెట్టెల్నీ ఒక చుట్టు చూసి, సాక్షిని బోనులో నిలబెట్టినట్టు మొదలుపెట్టింది.

"పరీక్షలు రెండు వారాల్లో ఉన్నాయి. ఇప్పుడా టీచరమ్మా ఇల్లు ఖాళీ చేసేది?"

"ఎవరు ఖాళీ చేస్తున్నారు?"

"సామాను బయట ఉందని మీరే రాశారు."

"ఉంది."

"క్లాసు లేదని మీరే రాశారు."

"లేదు."

"కారు అమ్మేస్తున్నారని పిన్నిగారితో అన్నారు."

"అన్నాను. కానీ..."

"ఇంకేం కావాలి?" అంది లాయరమ్మ మిగతావాళ్ళ వైపు తిరిగి. ఇంజను మోతలో టీచరమ్మ జవాబు సగమే వినపడింది. ఆ సగంలో "షెడ్డు" ఉంది, "ఒకటో తేదీ" ఉంది. ఒకటో తేదీకే వెళ్ళిపోతున్నారని వెనక వరుసలో ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పింది.

ఈ లోగా డ్రైవింగ్ స్కూలాయన వచ్చాడు. లావుపాటి పెద్దమనిషి, చొక్కా జేబులో రెండు విజిళ్ళు. కారు చుట్టూ తొమ్మిది మంది ముసిరి ఉండటం చూసి, అందరూ కొనడానికి వచ్చినవాళ్ళే అనుకున్నాడు.

"ఇదేం పద్ధతండీ!" అన్నాడు భర్తతో. "నాకు మాటిచ్చి ఇంతమందిని పిలుస్తారా? ముందు అడిగింది నేను. ఈ బండి నాదే. ఎవరూ చెయ్యెయ్యకండి."

"మీరేనా ఈ ఇంట్లోకి వచ్చేది?" అని పిన్నిగారు ఆయన్ను నిలదీశారు.

"ఇంట్లోకెందుకమ్మా, కారులోకి ఎక్కితే చాలు," అంటూ ఆయన డ్రైవరు సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. బ్రేకు మీద కాలు పెట్టాడు. మొహం మారింది. ఇంకోసారి తొక్కాడు. "గోడని తన్నినట్టుందేమిటండీ? సరే, ఒకసారి ఆపి చూద్దాం," అని తాళంచెవి తిప్పేశాడు.

ఇంజను ఆగలేదు.

తాళంచెవి మళ్ళీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఇంజను నడుస్తూనే ఉంది. చివరికి తాళంచెవి పూర్తిగా ఊడదీసి, అందరికీ కనిపించేలా కిటికీలోంచి బయట పెట్టాడు. ఇంజను దానికేమీ పట్టనట్టు నడుస్తోంది.

"కీ నా చేతిలో ఉంది," అన్నాడు చిన్నగొంతుతో. "ముప్ఫై ఏళ్ళుగా జనానికి బండి ఆపడం నేర్పుతున్నాను. ఆగని బండిని ఇదే చూడటం."

"బ్యాటరీ!" అని అరిచి భర్త బానెట్ ఎత్తాడు. స్పానరుతో బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఇంజను ఇంకా హుషారుగా నడిచింది. పాత డీజిలు ఇంజనుకు ఒకసారి మొదలయ్యాక బ్యాటరీతో పని లేదని ఆయన చూసిన వీడియోలో ఎవరూ చెప్పలేదు. తల్లులందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఒకావిడ ఆ నడుస్తున్నదాని వంక చూసి, "దీనికేదో పట్టిందండీ" అంది.

"కంగారెందుకు," అన్నారు మామగారు. "డీజిలు అయిపోతే అదే ఆగుతుంది."

"నిన్ననే ట్యాంకు నింపించాను నాన్నా," అన్నాడు భర్త ఏడుపు గొంతుతో. "కొనేవాళ్ళకి బాగుంటుందని."

"అయితే ఎల్లుండి దాకా నడుస్తుంది."

డ్రైవింగ్ స్కూలాయన కారు దిగాడు. భర్త మెకానిక్కి ఫోన్ చెయ్యనన్నాడు. మెకానిక్ మొహం చూడటం కన్నా ఎల్లుండి దాకా ఆగడమే నయమన్నాడు. టీచరమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే చేసింది. అవతల మెకానిక్ ఆమె వెనక ఇంజను చప్పుడు విన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నవ్వడం మొదలుపెట్టాడు.

"సన్న గొట్టం పెట్టలేదు కదమ్మా?"

"ఊగుతూ ఉంటే వెనక్కి దోపారు."

"అందులోంచి గాలి పీలిస్తేనే ఇంజను ఆగుతుంది. ఈ రకం బండికి కీ తిప్పడమంటే ఆ పీల్చుడుకి కుళాయి తిప్పడమే. లావు గొట్టం పక్కన చిన్న ముక్కు లాంటిది ఉంటుంది. దానికీ సన్న గొట్టానికీ మధ్య వేలెడంత వంకర రబ్బరు ముక్క ఒకటి ఉండాలి. అది పెట్టండి. బ్రేకు కూడా బాగవుతుంది. ఆ ముక్క మాత్రం పారెయ్యొద్దమ్మా, ఇప్పుడు దొరకదు."

టీచరమ్మ ఫోన్ పెట్టేసింది. చెత్తబుట్ట కళ్ళముందు కనిపించింది. పొద్దున్నుంచి ఆయన మీద ఎన్నిసార్లు విసుక్కుందో, అన్ని విసుగులూ ఒక్కసారి తిరిగి తన దగ్గరికే వచ్చాయి. తేలు కుట్టిన దొంగలా ఎవరి వంకా చూడకుండా గేటు బయటికి నడిచి, వీధి తొట్టి మూత తీసి, భుజాల దాకా చేతులు దించింది. తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లాయరమ్మ వెనకే వచ్చింది.

"టీచరమ్మా, ఏం వెతుకుతున్నారు?"

"చిన్న లెక్క తప్పింది," అంది టీచరమ్మ తొట్టిలోంచి. "సరిచేసుకుంటున్నాను."

అది టీ పొట్టు కింద, కూరగాయల తొక్కల మధ్య దొరికింది. చేతిపంపు దగ్గర కడిగి తీసుకొచ్చింది. బానెట్ కింద, వణుకుతున్న ఇంజను మీదకు వంగి, లావు గొట్టం పక్కన బుస్సుమంటున్న చిన్న ముక్కును వెతికి పట్టుకుంది. బొటనవేలు అడ్డం పెడితే వేలిని లోపలికి లాగింది. అదే. రబ్బరు ముక్క ఒక కొసను దానికి తొడిగి, రెండో కొసలో సన్న గొట్టాన్ని దూర్చింది.

ఇంజను ఒక్కసారి గట్టిగా ఊగింది. నిట్టూర్చినట్టు ఆగిపోయింది.

వాకిట్లో నూనె చుక్క గచ్చు మీద పడటం వినపడింది. తరువాత పిన్నిగారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. "చేత్తో ముట్టుకుంటే ఆగిపోయిందమ్మా!" అంది దయ్యం పట్టిందన్న తల్లి. చేతులకు నలుపు, జడలో టీ పొట్టు పెట్టుకుని టీచరమ్మ నిలబడి ఉంది. ఆ మెచ్చుకోళ్ళు ఒక్కొక్కటీ ఆమెకు సూదిలా గుచ్చుకున్నాయి.

డ్రైవింగ్ స్కూలాయన తాళంచెవి భర్త అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి మరీ అప్పగించాడు. "బండితో పాటు ఈ అమ్మని కూడా పంపిస్తారా అని అడగలేను కదండీ. నాకొద్దు," అని వెళ్ళిపోయాడు.

ఎండ ఎక్కువగా ఉందని తల్లులు ఖాళీగా ఉన్న షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డారు. ఇల్లు ఖాళీ చెయ్యడం లేదని టీచరమ్మ ఏడుగురికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. లాయరమ్మ షెడ్డు కిటికీ తెరిచి, మూసి, గోడ మీద వేలితో గీసి చూసింది.

"ఇదేనా మీరు చెప్పిన గది? బాగుందే. అనుకున్నట్టు ఒకటో తేదీకే మొదలా?"

"కారు అమ్ముడుపోయాక," అంది టీచరమ్మ.

"అదెవరు కొంటారు ఇంక?" అంది లాయరమ్మ. పోతూ పోతూ బాధపెట్టే మాట అనడం ఆవిడకు వృత్తిలో అలవాటు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు సాయంత్రం అయిదింటికి జరిగాయి. బల్ల మూడుసార్లు తుడిచినా అన్నంలో డీజిలు వాసన తగులుతూనే ఉంది. భర్త మోచేతికి పసుపు రాసుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, చెయ్యి కంచంలో ఆపి, ఆఫీసులో నివేదిక చదివినట్టు అన్నాడు:

"రేపు పొద్దున్నే తుక్కువాణ్ణి పిలుస్తున్నాను. తూకానికి ఇచ్చేస్తా. వీధిలో పరువు పోయింది, చేతి తోలు పోయింది. మొత్తానికి పంపు బిగించడం కూడా చేతకాలేదని తేలింది. దాని మొహం నాకు చూపించకండి."

టీచరమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అయిపోయింది. ఆరు నెలలు అడిగితేగానీ రానిది, అడక్కుండానే వచ్చేసింది. రేపటికి షెడ్డు ఖాళీ, కారు శాశ్వతంగా లేదు. ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర వడ్డించడం. ఆమె మామగారి వైపు తిరిగింది. ఆయన "అలాగేరా" అని, కంచంలో మిగిలిన అన్నాన్ని ఒక పక్కకి జరిపారు. రోజూ చివర్లో పెరుగు అడిగే మనిషి ఆ రోజు అడగలేదు.

"కారుకేం కాలేదు," అంది టీచరమ్మ.

"ఏం కాలేదా? ఎల్లుండి దాకా నడిచేది!"

"పంపు బాగానే ఉంది. మీరు బాగానే బిగించారు. ఆ వంకర రబ్బరు ముక్క మీరు పేపరు మీద సరైన చోటే పెట్టారు. చచ్చిన జెర్రిలా ఉందని నేనే చెత్తలో వేశాను. అది ఉంటే మూడింటికి కారు ఆగేది, బ్రేకూ పనిచేసేది, ఆయన కొనుక్కుని వెళ్ళేవాడు."

ఆయన ఆమె వంకే చూశాడు. కోపం వస్తుందని ఆమె కాచుకుని ఉంది. వచ్చింది కోపం కాదు. మొహం నెమ్మదిగా విచ్చుకుంది.

"అంటే పంపు నేను సరిగ్గానే బిగించాను!"

"సరిగ్గానే."

"రింగు కూడా?"

"రింగు కూడా."

"నాన్నా, విన్నావా?"

"విన్నానురా."

"ఎవడండీ నా కారుని తుక్కంటాడు? చేత్తో చేసిన పని అది! అమ్మను గాక అమ్మను!"

"అమ్మొద్దు," అంది టీచరమ్మ. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, పిల్లలకు ఇంటిపని చెప్పేటప్పటి గొంతుతో మొదలుపెట్టింది. "కారు ఉంటుంది. షెడ్డులో మాత్రం కాదు. ఈ రోజంతా వాకిట్లో ఉంది కదా, దానికేం కాలేదు. ఇక అక్కడే ఉంటుంది. బయటున్న మంచాలూ పరుపులూ రేపు తుక్కువాడు పట్టుకెళ్తాడు. ఎలాగూ పిలుస్తానన్నారు. షెడ్డు ఊడ్చి ఉంది. రేపు సాయంత్రం నుంచి క్లాసు అందులోనే. ఒకటో తేదీ దాకా ఆగేది లేదు."

మామగారు కంచాన్ని మళ్ళీ ముందుకు జరుపుకున్నారు.

"కాస్త పెరుగెయ్యమ్మా," అన్నారు.

భర్త అప్పటికే ఎడమచేత్తో మెకానిక్కి ఫోన్ కలిపి, తన పనితనంలో ఏ లోపమూ లేదని ఇంట్లోవాళ్ళే ఒప్పుకున్నారని చెబుతున్నాడు. భార్య మాటలకు మధ్య మధ్య "ఊ, ఊ" అంటూ తల కూడా ఊపాడు.

షెడ్డు పోయిందన్న సంగతి ఆయనకు గురువారం నాడు జోరువానలో కారును లోపల పెట్టబోయి, పదకొండు మంది పిల్లలు లేచి నిలబడి నమస్కారం సార్ అన్నాకగానీ తెలియలేదు.